పిల్లల పనికే కదా అని ఇచ్చే చెక్క

"పిల్లల పనికే కదమ్మా, ఇది చాలు." ఈ మాట మీద నాకు చాలా కోపం. వికారాబాద్‌లో విన్నాను, మా పుట్టిల్లు తాండూరులోనూ విన్నాను. దుకాణంలో వాళ్లు అంటారు, ఇంట్లో మనమూ అంటాం. వార్డ్‌రోబ్ చేయించేటప్పుడు మాత్రం ఎవరూ ఇలా అనరు. అప్పుడు పద్దెనిమిది మిల్లీమీటర్లా, పందొమ్మిదా, నీళ్లు తగిలితే ఏమవుతుంది, గ్యారంటీ ఎన్నేళ్లు అని వంద ప్రశ్నలు వేస్తాం. అదే అమ్మాయో అబ్బాయో సన్న రంపం పట్టుకుని పూజగదికి జాలీ కోస్తానంటే, గోడకి ఆనించి మూల పడేసిన ముక్క తీసి చేతిలో పెడతాం. అది విరిగితే, పొర లేస్తే, వార్నిష్ మచ్చలు మచ్చలుగా పడితే మనం చెక్కని ఏమీ అనం. "నీ చేతికి పని రాదు" అంటాం.

ఈ వ్యాసం అందుకే రాస్తున్నా. చవక ప్లైవుడ్ కొనొద్దని చెప్పడానికి కాదు. మా ఇంట్లో కొనేదీ చవకదే. చవకగా కొనడం వేరు, చూడకుండా కొనడం వేరు. రెంటినీ కలిపేసి, తేడా కొడితే ఆ తప్పుని పిల్లల నెత్తిన పెడుతున్నాం.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తా. స్క్రోల్ సా అన్నా, చేత్తో పట్టే ఫ్రెట్ సా అన్నా పని ఒకటే. పురికొస అంత సన్నని బ్లేడు ఉంటుంది. చెక్కకి చిన్న చిల్లు పొడిచి, అందులోంచి బ్లేడు దూర్చి, లోపలి భాగాన్ని ముగ్గు గీసినట్టు మలుపులు తిప్పుతూ కోస్తారు. ఇంటి పేరు బోర్డు, దేవుడి మందిరం జాలీ, దీపం స్టాండు, బొమ్మల కొలువుకి చిన్న గోపురం, ఇవన్నీ ఇలా చేయొచ్చు. దీనికి కావాల్సింది 3 లేదా 4 మిల్లీమీటర్ల పలుచని ప్లై. పెద్ద యంత్రం అక్కర్లేదు, పెద్ద గది అక్కర్లేదు. వరండాలో ఒక బల్ల, ఒక క్లాంపు ఉంటే సరిపోతుంది. ఫోన్ పక్కన పెట్టి రెండు గంటలు కుదురుగా కూర్చునే పని ఈ రోజుల్లో ఇంకోటి చూపించండి నాకు.

ఇప్పుడు చెక్క సంగతి. ప్లైవుడ్ అంటే సన్నటి చెక్క పొరలని జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి వేడి మీద నొక్కినది. ఒక పొర నిలువు, తర్వాతది అడ్డం. పొరలెప్పుడూ బేసి సంఖ్యలో ఉంటాయి, మూడో, ఐదో, ఏడో. మన దగ్గర దొరికే చవక పలుచని ప్లై చాలావరకు మూడు పొరలదే. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో లావుపాటి పొర. ఆ పైపొర ఎంత పలుచగా ఉంటుందంటే సాండ్ పేపర్‌తో నాలుగుసార్లు గట్టిగా రుద్దితే లోపలి చెక్క బయటపడుతుంది.

ఎందుకంత పలుచన? దీని వెనక కథ ఉంది. ఒకప్పుడు మన దేశంలో ప్లైవుడ్‌కి అడవి కలప వాడేవాళ్లు, ఈశాన్య రాష్ట్రాల నుంచి ఎంతో వచ్చేది. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చాక అక్కడి మిల్లులు చాలా మూతపడ్డాయి. ఆ తర్వాత పరిశ్రమ రైతుల పొలాల్లో పెరిగే చెట్ల మీదికి మళ్లింది. హర్యానాలో యమునానగర్ చుట్టూ పోప్లర్, యూకలిప్టస్. కేరళలో పెరుంబావూరు చుట్టూ రబ్బరు చెట్లు. పైపొరకి ఎర్రగా, గట్టిగా ఉండే గర్జన్ చెక్క మయన్మార్ నుంచి వచ్చేది. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. గర్జన్ ప్రియమైంది. కానీ కొనేవాళ్ల కంటికి "ఎర్రగా ఉంటేనే మంచి ప్లై" అన్న అలవాటు పోలేదు. దాంతో ఏదో ఒక తెల్ల చెక్క పైపొరకి ఎర్ర రంగు పూసి అమ్మడం మొదలైంది. అడవి మీద భారం తగ్గిందంటే నాకు సంతోషమే, పొలంలో పెరిగిన పోప్లర్‌ని నేను తక్కువ చేయను. నిజానికి సన్న రంపానికి పోప్లర్ లాంటి మెత్తని చెక్కే హాయి. నా కోపమంతా ఆ ఎర్ర రంగు మీద. మీ పాప ఓపిగ్గా సాండ్ పేపర్ పడితే ఆ రంగు పొడిలో కలిసి రాలిపోతుంది, చెక్క చారలు చారలుగా తేలుతుంది. పాపేమో తనే ఏదో చెడగొట్టాననుకుంటుంది.

దీనికంటే పెద్ద మోసం మధ్య పొరలో ఉంటుంది. లోపల వేసే పొర ఒకే ముక్క కానక్కర్లేదు. ముక్కలు ముక్కలుగా పేరుస్తారు. రెండు ముక్కలు సరిగ్గా కలవకపోతే మధ్యలో ఖాళీ ఉంటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కితే గుబ్బలా లేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. వార్డ్‌రోబ్ తలుపుకి మైకా అతికిస్తాం కాబట్టి అక్కడ అది మొత్తం దాక్కుంటుంది. కానీ జాలీ కోసేటప్పుడు బ్లేడు ఆ ఖాళీలోకి వెళ్తే ఒక్కసారి ఎగురుతుంది. అగ్గిపుల్లంత సన్నటి కమ్మీ చేసుకుంటూ వచ్చిన పిల్ల చేతిలో అది టప్పున ఊడిపోతుంది. మూడు రోజుల పని ఒక్క క్షణంలో పోతుంది. కోత పనికి, పాలిష్ పనికి చెక్క లోపలి సంగతి బయటపెట్టే గుణం ఉంది. అందుకే దాచిపెట్టి వాడే చోట కన్నా ఇక్కడే చెక్క బాగుండాలి. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం.

తాండూరు వాళ్లకి ఈ విషయం నేను కొత్తగా చెప్పాలా? మా ఊళ్లో బండలు కొనేటప్పుడు ఎవరైనా పైనుంచి చూసి కొంటారా? బండని పక్కకి నిలబెట్టి అంచు చూస్తారు. పొరలు విడిపోతున్నాయా, మందం రెండు వైపులా ఒక్కటేనా అని చూస్తారు. వేలితో కొట్టి చప్పుడు వింటారు. నాపరాయి పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. పాలిష్ మిషన్ కింద పెట్టాక బాగోలేదంటే లాభం లేదని మా తాతల కాలం నుంచి తెలుసు. రాయి దగ్గర ఇంత తెలివిగల ఊరు ప్లైవుడ్ దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లో ఫొటో చూసి "పంపించు భయ్యా" అంటుంది. ప్లై కూడా పొరల వస్తువే కదా. అదే కన్ను, అదే వేలు ఇక్కడా వాడొచ్చు.

నేను వాడే పద్ధతి చెప్తా. మొదట అంచు చూడండి. పొరలు తిన్నగా గీత గీసినట్టు పోతున్నాయా, మధ్యలో నల్లటి చీకటి గీతలు, చిల్లులు కనిపిస్తున్నాయా. నాలుగు అంచులూ చూడాలి, ఒక్కటి చూస్తే చాలదు. అంచుకి రంగు పూసి ఉంటే ఒక మూల కోసి చూపించమనండి. తర్వాత రూపాయి బిళ్లతో అక్కడక్కడా కొట్టండి. ఖాళీ ఉన్నచోట చప్పుడు బోలుగా మారుతుంది. మూడోది, నేల మీద పరిచి చూడండి. నాలుగు మూలలూ ఆనాలి. మెలి తిరిగిన పలక మీద బ్లేడు తిన్నగా నిలవదు. నాలుగోది, పైపొర మీద తడి గుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డ ఎర్రబడితే సంగతి అర్థమైపోతుంది.

ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో కూడా అడగండి. మామూలు ప్లైవుడ్‌కి ఐ.ఎస్. 303, మెరైన్ ప్లైకి ఐ.ఎస్. 710. గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరిదో, ఇంకా చెల్లుతుందో లేదో తెలుస్తుంది. పిల్లల జాలీకి మెరైన్ ప్లై అక్కర్లేదు. ఇంట్లో ఉండే వస్తువుకి 303లో ఎం.ఆర్. రకం చాలు. కానీ స్టాంపు ఉన్నదల్లా నిజం కాదు, లేనిదల్లా చెత్త కాదు. అంచు చూడటం మాత్రం మానకండి.

"అంత పరీక్షెందుకమ్మా, సార్‌ని పంపించండి" అని ఒకాయన నాతో అన్నాడు. ఏ దుకాణమో చెప్పను, అలాంటివాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. నేను కందిపప్పు కొనేటప్పుడు పది గింజలు అరచేతిలో వేసుకుని చూస్తే "మంచి ఇల్లాలు" అంటారు. అదే చేత్తో ప్లైవుడ్ అంచు తడిమితే "సార్‌ని పంపించండి" అంటారు. తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనమంతా సంబరపడ్డాం. ఆ పప్పు మంచిదో కాదో ఇన్నేళ్లుగా వంటింట్లో తేల్చింది ఎవరు? ఎంచడం తెలిసిన చేతులవి. చెక్కని ఎంచలేవా?

ఇక ఖర్చు గురించి. "నేర్చుకునేటప్పుడు ఎట్లాగూ పాడుచేస్తారు, మంచిదెందుకు దండగ" అంటారు. ఒక లెక్క వేద్దాం. ఎనిమిది అడుగులు నాలుగు అడుగుల షీటు అంటే 32 చదరపు అడుగులు. చెత్త రకానికీ, కాస్త చూసి తెచ్చిన రకానికీ చదరపు అడుగుకి పదిహేను రూపాయలు తేడా ఉందనుకుందాం. షీటు మొత్తానికి 480 రూపాయలు. పేరు బోర్డుకి పట్టేది ఒక చదరపు అడుగు. అంటే ఆ పిల్ల పని మీద మనం మిగిల్చింది పదిహేను రూపాయలు. దానికోసం మూడు రోజుల ఓపికని పణంగా పెడుతున్నాం. షీటు మొత్తం కొనక్కర్లేదు కూడా. ఇళ్లలో ఫర్నిచర్ పని చేసే వడ్రంగి దగ్గర మంచి ప్లై తుంపులు మిగులుతాయి. అడిగితే తక్కువకే ఇస్తారు. మాకు జాలీకి తగ్గ మంచి ముక్కలు దొరికింది ఎక్కువగా అలాగే. అదీ చవకే మరి.

మిషన్ కుట్టడం నేర్చుకునే అమ్మాయికి సూది తగలగానే పీలికలయ్యే గుడ్డ ఇస్తామా? కొత్తది ఇవ్వం, నిజమే. పాత చీరే ఇస్తాం. కానీ కుట్టు నిలిచే పాత చీర ఇస్తాం. నేర్చుకునేవాళ్లకి ఖరీదైనది అక్కర్లేదు, నమ్మకమైనది కావాలి. చెయ్యి తిరిగినవాడు చెడ్డ చెక్కతో కూడా ఎలాగో నెట్టుకొస్తాడు. కొత్త చేతికి తప్పు తనదా చెక్కదా అన్నది తేల్చుకునే అనుభవం ఉండదు. అందుకని నింద తన మీదే వేసుకుంటుంది. అక్కడితో పని ఆపేస్తుంది. పదమూడేళ్ల పిల్ల ఒకసారి "నాకు రాదు" అనుకుంటే మళ్లీ రంపం పట్టించడం ఎంత కష్టమో తల్లులకి తెలుసు.

ఇటువైపు వాళ్లు ఇలా ఉంటే, అటువైపు ఇంకో రకం ఉన్నారు. విదేశీ వీడియోలు చూసి, బాల్టిక్ బర్చ్ లేకపోతే ఈ పనే మొదలుపెట్టకూడదంటారు. బర్చ్ ప్లై గొప్పదే. పొరలన్నీ ఒకే మందం, లోపల ఖాళీలు ఉండవు, అంచు కూడా అందంగా ఉంటుంది. కానీ వికారాబాద్‌లో కూర్చుని ఆ చలిదేశాల చెక్క కోసం ఎదురుచూడటం, ఇంట్లో బెండకాయలు పెట్టుకుని బ్రకోలీ లేదని వంట మానేసినట్టు ఉంటుంది. కొండపల్లి బొమ్మలు చేసేది తెల్ల పొణికితో. నిర్మల్ బొమ్మలకీ పొణికే. ఏటికొప్పాక లక్క బొమ్మలకి అంకుడు కర్ర. వీటిలో ఏదీ టేకులా, చందనంలా గొప్ప కలప కాదు. తేలిక, మెత్తన, చెప్పినట్టు వినే చెక్కలు. కానీ ఆ కళాకారులు వాటిని ఎంచుకున్నారు, ఆరబెట్టారు, వాటి గుణం తెలుసుకున్నారు. కొండపల్లిలో అతుకులకి, మెరుగుకి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. తక్కువ చెక్కని ఎక్కువ శ్రద్ధతో వాడితే ఏమవుతుందో మన కొలువుల్లో వరసగా కూర్చుని కనిపిస్తూనే ఉంది.

పాలిష్ దగ్గర కూడా ఇదే మాట. చవక ప్లై మీద ముదురు రంగు స్టెయిన్ వేసి టేకులా చూపించాలని అందరికీ ఆశ. పలుచని పైపొర ఒకచోట ఎక్కువ తాగుతుంది, ఒకచోట తక్కువ. జిగురు పైకి వచ్చినచోట అసలు తాగదు. మిగిలేది మచ్చలే. లప్పం పెట్టి కప్పేస్తే ఆ లప్పం ఇంకో రంగులో తేలుతుంది. చవక చెక్కని చవక చెక్కలాగే, లేత రంగులో ఉంచండి. దాని అందం దానిదే.

కోయకముందే సాండ్ పేపర్ పట్టండి, 180 నంబరు, తర్వాత 220. చేత్తోనే, చెక్క చారల వెంబడి, తేలిగ్గా. రంగు మారుతున్నట్టు అనిపించగానే ఆపేయాలి. కోసేటప్పుడు పైన మాస్కింగ్ టేప్ అతికించి దాని మీద బొమ్మ గీస్తే పొర తక్కువ లేస్తుంది. కింద ఇంకో పనికిరాని పలుచని ముక్క పెట్టి రెండూ కలిపి కోస్తే అడుగున చీలికలు రావు. పాత చెక్క పనికొచ్చేది ఇక్కడ, కింద. సన్నటి కమ్మీలు ఎటువైపు రావాలో కూడా ముందే చూసుకోవాలి. తుంపు ముక్కని రెండు వైపులా వంచి చూడండి. ఎటు తక్కువ వంగుతుందో పొడవాటి సన్నటి భాగాలు అటు వచ్చేలా బొమ్మని తిప్పుకోవాలి.

పూతకి మొదటి చెయ్యి ఎప్పుడూ పలుచగా. చపడా స్పిరిట్‌లో నానబెట్టిన లక్క పాలిష్ అయినా సరే, టర్పెంటైన్ కలిపిన వార్నిష్ అయినా సరే. ఆరాక నూగు లేస్తుంది, 320 నంబరుతో మెల్లగా తీసేసి రెండో చెయ్యి వేయాలి. కోసిన అంచులు నీళ్లు తాగినట్టు తాగుతాయి, వాటికి ఒక చెయ్యి ఎక్కువే పడుతుంది. జాలీ సందుల్లోకి బ్రష్ దూరదు. పళ్లెంలో పలుచగా చేసిన లిన్‌సీడ్ ఆయిల్ పోసి ముంచి తీసి తుడిస్తే అన్ని మూలలకీ అందుతుంది. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి బయట ఆరేయాలి, లేదా నీళ్లలో నానబెట్టాలి.

ఎం.డి.ఎఫ్. గురించి అడుగుతారు. రంగులు వేసే బొమ్మకైతే అది మంచిదే, చారలుండవు, చక్కగా తెగుతుంది. కానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, చెక్క పాలిష్ దానికి కుదరదు, పొడి మరీ సన్నగా లేస్తుంది. చవక ప్లైలోనూ ఎం.డి.ఎఫ్.లోనూ సాధారణంగా వాడే జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. ఫార్మాల్డిహైడ్, చెక్క పొడి, రెండూ క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. భయపెట్టడానికి కాదు ఇది. మూసిన పడగ్గదిలో కోయించకండి, వరండాలో కోయించండి, మాస్క్ పెట్టించండి, కొత్త షీటుని రెండు రోజులు గాలికి పరిచి పెట్టండి. "పిల్లల పనికే కదా" అనే మాట ఇక్కడ మరీ తప్పు. పిల్లల ఊపిరితిత్తులు కాబట్టే ఇంకా జాగ్రత్త కావాలి.

ఇక బడుల సంగతి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకి పది రోజులు బ్యాగు లేకుండా, స్థానికంగా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలంది. కాగితం మీద ఎంత బాగుందో! మన దగ్గరేమో ప్రాజెక్ట్ అనగానే తల్లులు లేజర్‌తో కోసిన రెడీమేడ్ ముక్కలు కొనుక్కొచ్చి రాత్రి పదకొండింటికి ఫెవికాల్‌తో అతికిస్తున్నారు. దానికి పదికి పది మార్కులు. ఆ పక్కన సొంతంగా కోసుకొచ్చిన పిల్ల జాలీ కొంచెం వంకరగా ఉంటుంది, ఒక కమ్మీకి అతుకు కనిపిస్తుంది. దానికి ఏడు. మనం ఏ పిల్లకి ఏం నేర్పినట్టు?

అందుకే తల్లులతో నేను కోరేది ఒక్కటే. ఈసారి పిల్లలు రంపం అడిగితే వాళ్లని కూడా దుకాణానికి తీసుకెళ్లండి. అంచు వాళ్లచేతే చూపించండి, రూపాయి బిళ్ల వాళ్ల చేతికే ఇవ్వండి. నాలుగు పలకలు వద్దని ఐదోది వాళ్లే ఏరుకోనివ్వండి. ఆ తర్వాత విరిగితే విరగనివ్వండి, అది నేర్చుకోవడంలో భాగం. దుకాణంలో ఎవరైనా "పిల్లల పనికే కదమ్మా" అంటే, "పిల్లల పనికే, అందుకే ఇంకోటి చూపించండి" అనండి.